క్రీడాకారిణి దుస్తులు – గెలుపు షరతు

2005 సెప్టెంబరు. హైదరాబాదులో పెరిగిన పద్దెనిమిదేళ్ళ టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా అమెరికన్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా ఆడి, కలకత్తాలో ఒక అంతర్జాతీయ టోర్నమెంటు ఆడటానికి వచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందే సున్నీ ఉలేమా బోర్డుకు చెందిన ఒక మతగురువు ఆమె వేసుకునే పొట్టి స్కర్టూ, చేతుల్లేని చొక్కా మతవిరుద్ధమనీ, పడుచుపిల్లలు చెడిపోతారనీ ప్రకటించాడు. పత్రికలు దానికి ఫత్వా అని పేరు పెట్టాయి. కలకత్తాలో ఆ అమ్మాయి చుట్టూ పోలీసు బందోబస్తు పెంచారు. ఒక ఆడపిల్ల బంతి కొట్టడానికి వెళుతుంటే తుపాకులు వెంట నడవవలసి వచ్చింది. ఈ సంఘటన జరిగి యిన్నేళ్ళయినా, దాన్ని మనం సరిగా అర్థం చేసుకున్నామని చెప్పలేం. ఎందుకంటే అప్పుడు దాన్ని చాలామంది ఒక మతగురువుకీ, ఒక ఆటగత్తెకీ మధ్య తగాదాగానే చూశారు. అది అంత చిన్న విషయం కాదు.

స్త్రీ వేసుకున్న దుస్తుల మీద సమాజం ఎందుకు కోపగిస్తుంది? ఆ కోపం నిజంగా గుడ్డ మీదేనా? ఆ కోపానికి వెనక వున్న భౌతిక కారణాలేమిటి? ఈ ప్రశ్నలు వేసుకోకుండా, 'మతఛాందసం' అన్న ఒక్క మాటతో చేతులు దులుపుకోవడం అభ్యుదయం అనిపించుకోదు.

1

ఈ చరిత్రను టెన్నిస్ కోర్టులో కాదు, మన డెల్టాలో మొదలుపెట్టాలి. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నప్పుడు అది వచ్చింది మన అద్దకపు గుడ్డల కోసం. కోస్తా నుంచీ, బెంగాలు నుంచీ, గుజరాతు నుంచీ ఓడలెక్కిన నూలుగుడ్డలు పదిహేడో శతాబ్దం చివరికి లండన్ వీధుల్లో దొరసానుల మీదా, వాళ్ళ పనిమనుషుల మీదా కనిపించసాగాయి. యజమానురాలెవరో దాసి ఎవరో గుర్తుపట్టలేకుండా పోతోందని పెద్దమనుషులు వాపోయారు. అక్కడి పట్టు నేతగాళ్ళకూ, ఉన్ని నేతగాళ్ళకూ పని పోయింది. 1719లో పని పోయిన ఆ నేతగాళ్ళు గుంపులు కట్టి వీధుల్లో తిరిగారు. అద్దకపు నూలుగుడ్డ కట్టుకున్న ఆడది కనబడితే ఒంటి మీది గుడ్డను చింపారు, సిరా చల్లారు, కొన్నిచోట్ల గుడ్డను కాల్చేసే ద్రావకాలు చల్లారు. 1721లో పార్లమెంటు అలాంటి గుడ్డలు చాలావాటిని కట్టుకోవడాన్నే నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ చట్టం 1774 దాకా బతికింది.

ఇక్కడ గమనించవలసింది ఏమిటి? ఆ నేతగాళ్ళ ఆకలి అబద్ధం కాదు. వాళ్ళ పిల్లలు పస్తులున్న మాట నిజం. కాని గుడ్డను ఓడలకెత్తించి లాభాలు లెక్కపెట్టుకున్న కంపెనీ వాటాదార్ల కోట్లు ఎవరూ వీధిలో పట్టుకు చింపలేదు. చెయ్యి పడింది దారిన పోయే ఆడదాని మీద. కోపం పుట్టిన చోటు ఒకటి, కోపం తీర్చుకున్న చోటు మరొకటి. స్త్రీ దుస్తుల మీద జరిగిన దాడుల చరిత్రలో ఈ సూత్రం మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. అందువల్ల ఎక్కడ దుస్తుల మీద అలజడి లేచినా మనం వేయవలసిన మొదటి ప్రశ్న ఒకటే: ఆ అలజడి వెనక దాగిన అసలు భయమేది?

2

టెన్నిస్ ఆట ఇంగ్లండు దొరల తోటల్లో పుట్టింది. అందుకే దాని దుస్తులు కూడా ఆ తోటల మర్యాదకు తగ్గవి. తెలుపు రంగు తీరిక వున్నవాడి రంగు. ఒంటిపని చేసేవాడికి తెలుపు నిలవదు. తెల్లబట్టలో చెమట మరక కనబడితే అది నాగరికం కాదని ఆ వర్గం భావించింది. ఆడవాళ్ళు నేలను తాకే గౌన్లతో, లోపల నడుమును నొక్కిపట్టే కట్టుబట్టలతో ఆడారు. 1919లో వింబుల్డన్‌కు వచ్చిన ఫ్రెంచి క్రీడాకారిణి సుజాన్ లెంగ్లెన్ ఆ నడుంకట్టు విడిచి, మోచేతులు కనబడే చొక్కాతో, పిక్కల దాకా మాత్రమే వున్న గౌనుతో ఆడింది. అది అసభ్యమన్నారు. ఆమె మాత్రం గెలిచింది. నిజానికి ఆమె చేసింది చాలా చిన్న పని. పరుగెత్తాలనుకున్న మనిషి పరుగెత్తడానికి వీలైన బట్ట వేసుకుంది, అంతే.

మగవాళ్ళ విషయంలోనూ పాత అలవాటు తేలిగ్గా పోలేదు. 1932లో ఇంగ్లీషువాడు బన్నీ ఆస్టిన్ అమెరికన్ పోటీల్లో పొడవాటి ప్యాంటు బదులు నిక్కరుతో దిగినప్పుడు జనం వింతగా చూశారు. కాని ఆ వింత నాలుగు రోజుల్లో సర్దుకుంది. మగవాడి మోకాలు ఎవరి పరువూ తీయలేదు. 1949లో అమెరికా క్రీడాకారిణి గస్సీ మొరాన్ పొట్టి స్కర్టు కింద అంచుకు లేసు కుట్టిన లోదుస్తు వేసుకుని వింబుల్డన్‌లో ఆడితే మాత్రం నానా గొడవా జరిగింది. ఫొటోగ్రాఫర్లు నేల మీద పడుకుని ఫొటోలు తీశారు. ఆ దుస్తు కుట్టిన టెడ్ టిన్‌లింగ్‌ను వింబుల్డన్ చాలాకాలం దూరం పెట్టింది. అశ్లీలమని ఖండించిన పత్రికలే ఆ ఫొటోల్ని అచ్చువేసి అమ్ముకున్నాయి. ఈ రెండు నాలుకల వ్యవహారాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అర్ధశతాబ్దం తర్వాత మన తెలుగునేల మీద కూడా అదే జరిగింది.

3

సానియా మీర్జా 2005 ఫిబ్రవరిలో హైదరాబాదులో జరిగిన పోటీల్లో విజేత అయింది. మహిళల అంతర్జాతీయ సంఘం నడిపే సింగిల్స్ పోటీల్లో ఒక భారత స్త్రీ గెలవడం అదే మొదటిసారి. అదే సంవత్సరం మూడు విషయాలు ఆమె పేరుతో ముడిపడ్డాయి. ముక్కుకు రింగు, పొట్టి స్కర్టు, రాతలున్న చొక్కాలు.

ఆ చొక్కాల రాతల్లో ఒకదాని కథ చరిత్ర విద్యార్థికి చాలా అవసరం. ఆ ఏడాది వింబుల్డన్ సమయంలో ఆమె వేసుకున్న చొక్కా మీద, బుద్ధిగా వుండే ఆడవాళ్ళు చరిత్ర కెక్కడం అరుదన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం వుంది. మన పత్రికలు దాన్ని తెగువగా చూపించాయి, కొందరు పొగరుగా చెప్పుకున్నారు. కాని ఆ వాక్యం పుట్టింది చొక్కా మీద కాదు. 1976లో అమెరికన్ చరిత్రకారిణి లారెల్ థాచర్ ఉల్రిచ్ ఒక పరిశోధనా వ్యాసంలో దాన్ని రాసింది. ఆ వ్యాసం పాత న్యూ ఇంగ్లండులో చర్చి ఉపదేశకులు భక్తురాళ్ళ గురించి చెప్పిన మాటల మీద. ఉల్రిచ్ ఆడవాళ్ళను అల్లరి చెయ్యమని పిలుపునివ్వలేదు. వంట చేసి, వడికి, పురుళ్ళు పోసి, ప్రార్థించి, చనిపోయిన లక్షలాది స్త్రీలను చరిత్రకారులు పట్టించుకోలేదని ఫిర్యాదు చేసింది. నేరం ఆ స్త్రీలది కాదు, చరిత్ర రాసేవాళ్ళది. ఆ తర్వాత ఆమె ఒక పల్లెటూరి మంత్రసాని దినచర్య పుస్తకాన్ని పట్టుకుని గొప్ప చరిత్ర రాసింది. మన దగ్గర 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' వెలువరించినప్పుడు చేసిన పని కూడా యిటువంటిదే. తెలంగాణ సాయుధ పోరాటంలో నడిచిన స్త్రీలను వాళ్ళ నోటి మాటల్లోనే వినిపించి, ఉద్యమాన్ని కూడా ఇబ్బందికరమైన ప్రశ్నలు అడిగింది.

చరిత్రకారిణి ఆవేదన చొక్కా మీదికెక్కి సరుకు అయింది. మార్కెట్టు పని తీరే అది. అసమ్మతిని కూడా బట్టలా కుట్టి అమ్ముతుంది. అయినా ఆ చొక్కాను ఒక పద్దెనిమిదేళ్ళ హైదరాబాదు అమ్మాయి వేసుకోవడం వట్టి వ్యాపారమే అనలేం. సానియా అనేక కంపెనీల ప్రకటనల్లో కనిపించింది నిజమే. కాని ఆ ప్రకటనలు చూసి ఎంతమంది తల్లులు తమ కూతుళ్ళను మైదానానికి పంపారో ఏ కంపెనీ లెక్కా చెప్పదు. వస్తువును అమ్మేవాడి ఉద్దేశం ఒకటి, దాన్ని చూసిన మనిషిలో రేగిన కోరిక మరొకటి. ఈ వైరుధ్యాన్ని చూడలేని విమర్శ యాంత్రికమైన విమర్శ.

ఇక కోపగించినవాళ్ళ సంగతి. మతగురువుకు కోపం వచ్చింది. ఆ కోపం వెనక ఏముంది? 2002 గుజరాత్ మారణకాండ జరిగి అప్పటికి మూడేళ్ళు. బయట భద్రత లేని సమాజంలో లోపలి పెత్తందారు తన అధికారాన్ని ఆడవాళ్ళ మీద ప్రదర్శించి చూపుకోవడం కొత్త కాదు. ఈ మాట అతణ్ణి సమర్థించడానికి చెప్పడం లేదు, అతని అధికారం ఎక్కడి నుంచి బలం తెచ్చుకుంటుందో చెప్పడానికి. ఆ ఒక్కడి మాటను సమాజమంతటి మాటగా ప్రచారం చేసి, ముస్లిములంటే యింతేనని తీర్పులు చెప్పినవాళ్ళు మరో పక్క తయారయ్యారు. తమ ఇళ్ళల్లో ఆడపిల్లల్ని ఓణీ లేకుండా గడప దాటనివ్వని పెద్దమనుషులు కూడా ఆ రోజుల్లో సానియా స్వేచ్ఛకు వకాల్తా పుచ్చుకున్నారు. వాళ్ళకు కావలసింది ఆ అమ్మాయి స్వేచ్ఛ కాదు, ఎదుటి మతం మీద వేయడానికి ఒక రాయి.

దీనికి రుజువు తర్వాతి చరిత్రే. అదే ఏడాది నవంబరులో ఆమె సురక్షిత లైంగిక సంబంధాల గురించి ఒక సభలో చెప్పిన మాటల మీద దుమారం లేచింది, దిష్టిబొమ్మలు తగలబెట్టారు. 2008 మొదట్లో జాతీయ జెండా ఎదురుగా కాళ్ళు చాపి కూర్చున్నట్టు కనబడే ఫొటో ఒకటి పట్టుకుని భోపాల్‌లో కేసు పెట్టారు. విసిగిపోయి ఆమె ఆ సంవత్సరం బెంగుళూరు పోటీల్లో ఆడనని ప్రకటించింది. 2010లో పాకిస్తాన్ క్రికెటరును పెళ్ళి చేసుకుంది. 2014లో కొత్తగా ఏర్పడిన తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమిస్తే, ఒక బిజెపి నాయకుడు ఆమెను పాకిస్తాన్ కోడలన్నాడు. ఒకడు ఆమె సరిపోయినంత ముస్లిం కాదన్నాడు, మరొకడు సరిపోయినంత భారతీయురాలు కాదన్నాడు. తూకం రాయి ఎవరి చేతిలో వున్నా, త్రాసులో వున్నది ఆ స్త్రీ ఒక్కతే.

4

2005 తగాదాలో మార్కెట్టు స్వేచ్ఛ పక్షాన నిలబడినట్టు కనిపించింది. ఆ భ్రమను 2011 సంవత్సరం పటాపంచలు చేసింది. ఆ ఏడాది ప్రపంచ బాడ్మింటన్ సమాఖ్య పెద్ద పోటీల్లో ఆడే స్త్రీలందరూ స్కర్టులు గాని గౌన్లు గాని వేసుకొని తీరాలని నిబంధన తెచ్చింది. నిక్కరు వేసుకుంటే దాని మీద స్కర్టు వుండాలట! ఆటను ఆకర్షణీయంగా చూపించడానికని బాహాటంగానే చెప్పారు. ఆకర్షణ ఎవరికి? టీవీ చూసేవాడికీ, ఆ టీవీకి డబ్బు కట్టేవాడికీ. సైనా నెహ్వాల్, గుత్తా జ్వాల ఆడుతున్న రోజులవి. హైదరాబాదు బాడ్మింటన్‌కు రాజధాని అవుతున్న కాలం. అనేక దేశాల క్రీడాకారిణులు వ్యతిరేకించడంతో నిబంధనను వాయిదా వేసి, 2012లో ఎత్తేశారు. బాక్సింగ్ సమాఖ్య కూడా అప్పుడే ఆడవాళ్ళకు స్కర్టులు ప్రవేశపెట్టబోయి, చివరికి ఇష్టమైనవాళ్ళు వేసుకోవచ్చని సరిపెట్టింది.

అదే 2011లో ఇరాన్ మహిళల ఫుట్‌బాల్ జట్టు తలకు గుడ్డ కట్టుకుందని ఒలింపిక్స్ అర్హత పోటీ ఆడనివ్వలేదు. ఆ పోటీ కోసం తయారైన అమ్మాయిలు మైదానంలోనే ఏడ్చారు. ఆ నిషేధం 2014లో గాని పూర్తిగా తొలగలేదు. 2021లో నార్వే బీచ్ హ్యాండ్‌బాల్ జట్టు చిన్న బికినీ బదులు నిక్కరు వేసుకున్నందుకు 1500 యూరోల జరిమానా పడింది. 2018లో సెరీనా విలియమ్స్ ప్రసవానంతరం రక్తం గడ్డకట్టే ప్రమాదం నుంచి కాపాడుకోవడానికి ఒళ్ళంతా బిగుతుగా పట్టే నల్లని దుస్తు వేసుకుంటే, ఆటనూ, ఆ చోటునూ గౌరవించాలని ఫ్రెంచి టెన్నిస్ సమాఖ్య అధ్యక్షుడు పాఠం చెప్పాడు.

ఒకచోట కప్పుకోమంటారు, ఒకచోట విప్పమంటారు. పైకి చూస్తే ఇవి పరస్పర విరుద్ధాలు. కాని రెండు చోట్లా ఆజ్ఞాపించేది ఆ బట్టలో ఆడవలసిన మనిషి కాదు. ఫ్యూడల్ నీతి స్త్రీ శరీరాన్ని దాచిపెట్టే ఆస్తిగా చూస్తుంది, మార్కెట్టు దాన్ని ప్రదర్శించే సరుకుగా చూస్తుంది. ఆస్తికీ, సరుకుకూ ఇష్టాయిష్టాలుండవు. ఆడుతున్న మనిషికి ఏమి కావాలన్నది అడిగిన సందర్భాలు చాలా తక్కువ. నెలసరి రోజుల్లో తెల్లబట్టలతో ఆడటం ఎంత బాధో క్రీడాకారిణులు బయటికి చెప్పాక 2023లో వింబుల్డన్ లోపల ముదురురంగు నిక్కర్లు వేసుకోవడానికి ఒప్పుకుంది. అంతమాత్రం సంగతి ఆలోచించడానికి ఆ దొరల క్లబ్బుకు ఒక శతాబ్దం పైగా పట్టింది.

5

మగవాళ్ళ అసాధారణ వేషానికి మనం ఎలా స్పందించామో ఒకసారి గుర్తుచేసుకుందాం. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువమంది వట్టి కాళ్ళతో ఆడారు. దాన్ని దేశభక్తి గాథగా చెప్పుకున్నాం. 1952లో హెల్సింకీ చలిలో యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో ఓడాక గాని బూట్ల అవసరం అధికారులకు తెలిసిరాలేదు. హైదరాబాదుకు చెందిన కోచ్ ఎస్.ఎ. రహీం ఆధ్వర్యాన 1956 మెల్బోర్న్‌లో మన జట్టు సెమీఫైనల్ చేరింది. మగవాడి వట్టికాలు వెనక వున్నది పేదరికం అయినా దానికి కీర్తి దక్కింది. ఆడదాని మోకాలు వెనక వున్నది ఆట అవసరం అయినా దానికి అపకీర్తి దక్కింది.

6

ఇప్పుడు మన ఇంటి సంగతికి వద్దాం. భవానీపురం కృష్ణ ఒడ్డున వుంది. పున్నమి ఘాట్ దగ్గర తెల్లవారుజామున నిలబడితే నదిలో మునిగే భక్తుల్నీ చూడవచ్చు, ప్రాక్టీసుకు వెళ్ళే ఆడపిల్లల్నీ చూడవచ్చు. ఈ పిల్లల్లో చాలామంది నిక్కరు మీద పొడుగు ప్యాంటు తొడుక్కుని వెళతారు. మైదానం చేరాక పై ప్యాంటు విప్పి సంచిలో పెడతారు, తిరిగి వచ్చేటప్పుడు మళ్ళీ తొడుక్కుంటారు. ఆ రెండు నిమిషాల పని గురించి ఎవరూ వ్యాసాలు రాయరు. విజయవాడ విలుకత్తె జ్యోతి సురేఖ నాలుగేళ్ళ పసితనంలో ఈ కృష్ణను ఈది రికార్డుల పుస్తకానికెక్కింది. ఆ వయసులో ఈతదుస్తుకు ఎవరూ అడ్డు చెప్పరు. పద్నాలుగేళ్ళ పిల్ల ఈదాలంటేనే వీధంతా మాట్లాడుతుంది. మాట్లాడే ఆ వీధి ఏ ఒక్క మతానిదీ కాదు.

నిజామాబాదు నుంచి వచ్చిన బాక్సర్ నిఖత్ జరీన్ తన చిన్ననాటి గురించి ఇంటర్వ్యూలలో చెప్పింది. ఆడపిల్లకు ఆ నిక్కర్లేమిటి, ఆ గుద్దులాటేమిటి, రేపు పెళ్ళెవరు చేసుకుంటారని బంధువులూ, ఇరుగుపొరుగులూ అన్నారట. 2011లో ఆమె టర్కీలో ప్రపంచ స్థాయి బంగారు పతకం తెచ్చింది. 2022, 2023లలో ప్రపంచ ఛాంపియన్ అయింది. అన్న నోళ్ళే ఫొటోలు దిగడానికి వచ్చాయి. ఈ కథను మనం సంతోషంగా చెప్పుకుంటాం. కాని అందులో ఒక ముల్లు వుంది.

2005లో తనను అడిగినవాళ్ళకు సానియా యిచ్చిన సమాధానంలో కూడా ఆ ముల్లే వుంది. తాను గెలుస్తున్నంత కాలం తన స్కర్టు ఆరంగుళాలా ఆరడుగులా అన్నది జనానికి అనవసరమని ఆమె అంది. పద్దెనిమిదేళ్ళ వయసులో అంత ధైర్యంగా మాట్లాడినందుకు ఆమెను గౌరవించవలసిందే. ఆమె గెలిచింది కూడా. డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానానికి 2015లో చేరింది, ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచింది, 2023లో ఆటనుంచి విరమించింది. కాని ఆ 'గెలుస్తున్నంత కాలం' అన్న షరతు ఎవరు పెట్టింది? ఆమె కాదు. మనం పెట్టాం. పతకం కట్టి స్వేచ్ఛను విడిపించుకోమని మనం అడిగాం. అది స్వేచ్ఛ కాదు, తాకట్టు.

గెలిచినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టదగినంత మంది. జిల్లా పోటీల్లో మొదటి రౌండులోనే ఓడిపోయి, సాయంత్రం బస్సెక్కి ఇంటికి వచ్చే అమ్మాయిలు వేల మంది. వాళ్ళకు పతకం లేదు, ప్రకటన లేదు, బందోబస్తు లేదు. నిక్కరు మాట ఇంట్లో వస్తే ఎదురు చెప్పడానికి వాళ్ళ చేతిలో ఏ సాక్ష్యమూ లేదు. చదువు పాడవుతోందనీ, నల్లబడుతున్నావనీ, నలుగురూ ఏమంటారనీ మూడు మాటలతో వాళ్ళ ఆట ముగుస్తుంది. ఉల్రిచ్ చెప్పిన చరిత్రకెక్కని స్త్రీలు వీళ్ళే.

ఈ విషయంలో అభ్యుదయవాదులం మనం కూడా ఆత్మవిమర్శ చేసుకోవలసి వుంది. ఫత్వాను ఖండించాం, బాగానే వుంది. వాణిజ్య ప్రకటనల్ని ఖండించాం, అదీ బాగానే వుంది. కాని రెండిటినీ ఖండించే ఉత్సాహంలో, ఆ అమ్మాయి ఏది వేసుకుని ఆడాలనుకుంటోందో మనమూ అడగలేదు. పొట్టి దుస్తుల్ని సామ్రాజ్యవాద సంస్కృతి అని కొట్టిపారేసినవాళ్ళు, తమకు తెలియకుండానే ఆ మతగురువు పక్కన నిలబడ్డారు. మన ఇళ్ళల్లో ఎంతమంది ఆడపిల్లలు ఆడుతున్నారో, ఎన్నాళ్ళు ఆడి మానేశారో, ఎందుకు మానేశారో చెప్పగలమా? మన ఊళ్ళ మైదానాల్లో ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి ఒక గది, ఒక మరుగుదొడ్డి వున్నాయో లేవో ఎప్పుడైనా చూశామా? దుస్తుల గురించి చర్చ అక్కడ మొదలు కావాలి. తలుపు గడియపడే ఒక గది వుంటే, ఆ రెండు ప్యాంట్ల అవస్థలో సగం తీరుతుంది. మిగతా సగం మన చూపుల్లో వుంది.

1719లో లండన్ వీధిలో గుడ్డ చింపించుకున్న స్త్రీ పేరు మనకు తెలియదు. ఆమె ఒంటి మీది అద్దకం ఈ కోస్తాలోనే తయారైనదైనా కావచ్చు. ఆమె ఏ పోటీలోనూ గెలవలేదు. తనకు నచ్చిన గుడ్డ కట్టుకుని దారిన నడవడానికి ఆమెకు ఏ పతకమూ అవసరం లేకుండా వుండవలసింది. సానియా కోసం మాట్లాడటం తేలిక, ఆమె గెలిచింది కనుక. రేపు పొద్దున పున్నమి ఘాట్ దారిలో సంచి భుజాన వేసుకుని వెళ్ళే పిల్ల, ఈ ఏడాదీ ఓడిపోబోయే పిల్ల, ఆమె కోసం మాట్లాడగలమా అన్నదే మనకు పరీక్ష.